ఎడారిలో కళ్లం

మా ఆయన నా చీర ఉతకడం నేను చూసింది ఒక్కసారే. అదీ దేశానికి ఆ చివర, రాజస్థాన్ ఎడారిలో, బకెట్టున్నర నీళ్లతో. లారీ చక్రం పక్కన గొంతుక్కూర్చుని, లుంగీ మోకాళ్ల పైకి ఎగ్గట్టి, నా నీలం చీరని తీసుకొచ్చి సబ్బుబిళ్లకేసి రుద్దుతున్నాడు. చీరకి సబ్బు రుద్దుతారు గానీ సబ్బుకి చీర రుద్దేవాళ్లని ఎక్కడైనా చూశారా? నేను మిరపకాయల గోతం మీద కూర్చుని పొట్ట పట్టుకుని నవ్వాను. అలా నవ్వి అప్పటికి ఐదు నెలలైంది. అందుకే ఆ ఒక్క రోజు గురించి చెప్పాలని ఎప్పట్నుంచో ఉంది. నాకు సంతకం తప్ప రాయడం రాదు. నేను చెబుతుంటే మా చర్చిలో పిల్లలకి పాఠాలు చెప్పే టీచరమ్మ రాస్తోంది. మధ్యమధ్యలో ఆగి "ఇది కూడా రాయనా?" అంటోంది. రాయమ్మా, అన్నీ రాయి. మా ఆయన పోయి మూడేళ్లయింది, ఇప్పుడు నన్ను ఆపేవాళ్లు లేరు.

మాది చిలకలూరిపేటకి ఆటోలో అరగంట దూరంలో ఉన్న పల్లె. నేను మిరపకాయల కోతకి పోయే ఆడవాళ్ల ముఠాకి మేస్త్రిని. పద్దెనిమిది మందిమి. మేస్త్రి అంటే కుర్చీ వేసుకుని కూర్చునే పని కాదు. చీకటితో లేచి గుమ్మం గుమ్మం తిరిగి అందర్నీ లేపాలి, ఆటో ఎక్కించాలి, చేలో దిగాక అందరికన్నా ముందు నేను ఒడి కట్టుకుని మిరప మొక్కల సాలు పట్టాలి. ముందుపోయేదాని చేయి ఎంత వేగంగా ఆడితే వెనకవాళ్ల చేయి అంత వేగంగా ఆడుతుంది. సాయంత్రానికి కాయలు గోతాలకెత్తి గట్టు మీదికి చేర్చాలి. పన్నెండేళ్లు అలా చేశాను.

ఆ ఏడు వానాకాలంలో నాకు గర్భసంచి తీసేశారు. మా ముఠాలో సగం మందికి అయిన ఆపరేషనే అది, కొత్తేం కాదు. డాక్టరమ్మ మూడు నెలలు బరువులెత్తొద్దంది. మూడు నెలలయ్యాక మళ్లీ చూసి, అంతా మానిపోయింది, నీ పని నువ్వు చేసుకోవచ్చు అని కూడా చెప్పింది. ఆమె చెప్పింది గానీ నా ఒళ్లు నమ్మలేదు. వంగితే కుట్లు పిగిలిపోతాయనిపించేది. ఐదు నెలలు నేను నీళ్ల బిందె ఎత్తలేదు. మంచం మీద నుంచి లేచేటప్పుడు కూడా పొట్టకి చెయ్యి అడ్డం పెట్టుకునేదాన్ని. ఆ భయం మా ఆయనకి తప్ప ఎవరికీ చెప్పలేదు. మా తోటికోడలు మాత్రం పంపు దగ్గర నలుగురిలో అననే అంది: "అక్కకేం, ఇక కాళ్లు చాపుకుని కూర్చోవచ్చు. ముఠా సంగతి నేను చూసుకుంటాగా."

డిసెంబరులో రైతు ఫోన్ చేశాడు. కొత్త కాయ పండుతోంది, వచ్చే నెల కోత మొదలు, ముఠా నీదా, నీ తోటికోడలిదా, ఫలానా ఆదివారం చీకటిపడేలోపు తేల్చి చెప్పమన్నాడు. నేను ఔననలేదు, కాదనలేదు. ఫోన్ పెట్టేసి గోడవైపు తిరిగి పడుకున్నాను.

మా ఆయన లారీ డ్రైవరు. గుంటూరు యార్డు నుంచి ఊళ్లూళ్లకి మిరపకాయల లోడు తోలేవాడు. అప్పుడు కోల్డు స్టోరేజీలో దాచిన పాత కాయల లోడు ఒకటి రాజస్థాన్‌కి ఉంది. క్లీనరు చెల్లెలి పెళ్లికని ఊరెళ్లాడు. మా ఆయన వచ్చి మంచం పక్కన నిలబడ్డాడు.

"లెగు. రెండు చీరలు సంచిలో పెట్టుకో. క్లీనరు సీటు ఖాళీగా ఉంది."

"నేనొచ్చి ఏం చెయ్యాలి? రివర్సులో రైట్ రైట్ అనాలా?"

"అనకపోయినా పర్లేదు. నోరుందిగా, దారంతా తిట్టుకుంటా కూర్చో. నిద్ర రాకుండా ఉంటది నాకు."

అలా బయల్దేరాను. ఐదు రోజులు. ఆ ఐదు రోజుల గురించి చెబితే టీచరమ్మ చెయ్యి నొప్పి పుడుతుంది, వదిలేస్తాను. ఒక్కటి మాత్రం చెప్పాలి. కోత అయ్యాక చేలో పరిగె ఏరుకుని నేను దాచుకున్న మంచి కాయలు అర గోతం వెంట తెచ్చాను. అక్కడ గోడౌను కాపలా ముసలాయనా ఆయన భార్యా ఉంటారని, పోయిన ప్రతిసారీ మా ఆయనకి రొట్టె పెడతారని, వాళ్లకివ్వాలని మా ఆయన అన్నాడు. ఆ గోతం క్యాబిన్ పైన కట్టాం. మధ్యప్రదేశ్‌లో వాన పడింది. లోడు పట్టా కింద భద్రంగానే ఉంది గానీ మా అర గోతం తడిసింది.

ఆదివారం తెల్లవారి ఆ ఊరు చేరాం. ఊరంటే ఒక రోడ్డు, రోడ్డు చివర గోడౌను, గోడౌను వెనక ఇక ఇసుకే. గోడౌను యజమాని ఇంట్లో శుభకార్యమట, సోమవారం గానీ దింపుకోరట. ఒక రోజంతా మాకు ఖాళీ. నేను లారీ దిగి నాలుగు వైపులా చూశాను. చర్చిలో ప్రసంగాల్లో అరణ్యం, అరణ్యం అని విన్నప్పుడల్లా నేను చెట్లూ తీగలూ ఉన్న అడివిని ఊహించుకునేదాన్ని. ఇలా చెట్టుకీ చెట్టుకీ మధ్య అరమైలు ఉంటుందని నాకెవరూ చెప్పలేదు. ఉన్న చెట్లు కూడా ఏమిటనుకున్నారు, జిల్లేడు, జమ్మి! మా ఊళ్లో దసరాకి హిందువులు మొక్కే జమ్మిచెట్టు. ఇంత దూరం వచ్చి ముఖం తెలిసినవాళ్లని చూసినట్టయింది.

కాపలాదారు భార్యా ముసలామే, నాకంటే పదిహేనేళ్లు పెద్దదేమో. చేతులకి మణికట్టు నుంచి భుజాల దాకా తెల్ల గాజులు, ముక్కు దాకా ముసుగు. మా ఆయన్ని చూడగానే ముసుగు కాస్త దించి, నన్ను చూడగానే పూర్తిగా ఎత్తేసింది. నా మొహం చూసి నా నుదురు దగ్గర ఆగిపోయింది. మేం క్రైస్తవులం, బొట్టు పెట్టుకోం. ఆమె నా నుదురు చూపించి, మా ఆయన్ని చూపించి, చేతులు తిప్పింది. మొగుడు ఇంత నిక్షేపంగా నిలబడి ఉంటే నీకిదేం ఖర్మ అన్నట్టు. మా ఆయన లారీ హిందీలో ఏదో చెప్పబోయాడు. ఆమె వినలేదు. లోపలికి పోయి ఎర్రటి బొట్టుబిళ్ల తెచ్చి నా నుదుట అతికించింది.

"పాస్టరుగారు చూస్తే నిన్ను ఆరాధనకి రానిస్తాడటే?" అన్నాడు మా ఆయన నవ్వుతూ.

"ఆయనకేం కనపడుద్ది అక్కడికి? నువ్వు చెప్పకుండా ఉంటే చాలు."

తీయబుద్ధి కాలేదు. సాయంత్రం దాకా ఉంచుకున్నాను. మా ఆయన పోయినరోజు ఆ బొట్టుబిళ్ల గుర్తొచ్చింది నాకు. మాకు పెట్టుకోవడమూ లేదు, తీసెయ్యడమూ లేదు. ఆ ఒక్క రోజు మాత్రం పెట్టుకున్నాను, ఆయన పక్కనే ఉన్నాడు.

పనుల దగ్గరికి వస్తాను. ఐదు రోజుల మాసిన బట్టలున్నాయి. ఆమె నేలలో కట్టిన తొట్టి మూత తీసి, తాడుతో తోడి, బకెట్టున్నర ఇచ్చింది. వానాకాలంలో పట్టి ఏడాదంతా వాడుకునే నీళ్లట. ఉతికిన నీళ్లు పారబోయవద్దని ఇంకో కుండ కూడా పక్కన పెట్టింది, మేకల దొడ్లో చల్లడానికి. నేను వంగబోతే మా ఆయన బకెట్టు లాక్కున్నాడు.

"ఏమయ్యో, అది చీరనుకున్నావా, టైరనుకున్నావా?" అన్నాను నేను గోతం మీద కూర్చుని.

"నోరు మూసుకుని కూర్చోవే. మన పంపు నీళ్లనుకున్నావా ఇవి? చుక్క చుక్క చూసుకోవాల."

"ఆ జాకెట్టు అట్టా మెలి తిప్పమాకు, హుక్కులూడతాయి."

"పాతికేళ్ల బట్టి లారీ కడుగుతున్నా. నీ జాకెట్టొక లెక్కా?"

"లారీకి హుక్కులుండవుగా!"

కాపలా ముసలాయన మంచం మీద నుంచి ఇదంతా చూస్తున్నాడు. మగవాడు ఆడదాని జాకెట్టు ఉతకడం ఆయన అక్కడ ఎన్నడూ చూసి ఉండడు. తలపాగా సర్దుకుని అటు తిరిగి కూర్చున్నాడు. ఆయన భార్య మాత్రం ఇటే తిరిగి కూర్చుంది.

వంట కూడా ఆయనదే. లారీలో ఒక చెక్కపెట్టె ఉంది, అది ఆయన వంటిల్లు. చింతపండు డబ్బా, ఉప్పు డబ్బా, పోపుగింజలు, అన్నీ మూతలు పెట్టి వరసగా ఉన్నాయి. ఇంట్లో మంచినీళ్లు ముంచుకుని తాగని మనిషి, గాలి తగలకుండా స్టవ్వుకి మూడు వైపులా డబ్బారేకులు నిలబెట్టి, ఉల్లిపాయలు సన్నగా తరిగి, చారు పెట్టి, పప్పు ఎనిపాడు.

"ఇంతొచ్చినోడివి ఇంట్లో ఒక్కరోజైనా గరిట పట్టుకున్నావా?"

"ఇంట్లో నువ్వున్నావుగా."

"ఆపరేషనై నేను మంచంలో ఉన్నప్పుడైనా?"

"అప్పుడు నీ చెల్లెలొచ్చి ఉందిగా." కాసేపు ఉప్పు చూసినట్టు నటించి, "సర్లే, పోయినాక చేస్తా," అన్నాడు. పోయినాక చేశాడు కూడా. వారానికొకసారి. గిన్నెలు మాత్రం నేనే తోమేదాన్ని.

అన్నం ఉడికేలోపు నేను తడిసిన కాయల సంగతి చూడాలనుకున్నాను. గోతం మూతి విప్పితే వెచ్చగా ఆవిరి కొట్టింది. ఇంకొక్క రోజు ఆగితే బూజు పడతాయి. లేచి గోడౌను వెనక్కి వెళ్లి చూశాను. అబ్బ! అంత కళ్లం నా జన్మలో చూడలేదు. కళ్లమంటే మేం మిరపకాయలు ఆరబోసే నేల. మా వైపు కోత రోజుల్లో చదునైన నేల కోసం కొట్టుకు చస్తాం. రోడ్డు పక్కనా, కొండ వారనా, ఎక్కడ గజం ఖాళీ ఉంటే అక్కడ ఎర్రగా పోస్తాం. ఇక్కడ చూడబోతే రాయి లేదు, గడ్డి లేదు, తేమ లేదు. కనుచూపు మేర శుభ్రమైన, వెచ్చటి నేల. అడిగేవాడు లేడు.

"ఏమయ్యో, ఇట్రా! మన గుంటూరు జిల్లా కాయంతా ఇక్కడే పోసుకోవచ్చయ్యా!"

ఆయనా వచ్చి నడుం మీద చేతులు పెట్టుకుని చూశాడు. ఆ దారిన వందసార్లు వచ్చిన మనిషి. "ఔనే! ఇన్నేళ్లూ నాకు తట్టలేదు చూడు," అన్నాడు.

చిరిగిన పట్టా ముక్క పరిచి కాయలు పోశాం. నేను కాలితో గాడులు తీసి పలచగా నెరిపాను. కాపలాదారు భార్య పరుగున వచ్చి రెండు చేతులూ ఊపుతూ ఏదో అరిచింది. ముక్కు మూసుకుంది, ఆకాశం చూపించింది, మళ్లీ చేతులూపింది.

"ఏమంటందయ్యా?"

"కాయలు కావాలంటందేమో. ఎట్టా ఆమెకి తెచ్చినయ్యేగా, ఇవ్వు."

నేను దోసెడు కాయలు తీసి ఆమె కొంగులో పోశాను. ఆమె నా మొహం, కాయల మొహం చూసి, తల కొట్టుకుంటూ వెళ్లిపోయింది.

మేం భోజనానికి కూర్చున్నాం. ఆయన కళ్లు మూసుకుని ప్రార్థన చేశాడు. ఆమె సజ్జరొట్టెలు, సన్నటి కాయల కూర తెచ్చిపెట్టింది. ఏం కాయలమ్మా అంటే జమ్మిచెట్టు చూపించింది. మా వైపు దానికి మొక్కడమో, పక్కనుంచి పోవడమో తెలుసు గానీ ఆ కాయలు కూరొండుకుంటారని తెలియదు. నోట్లో పెట్టుకుంటే గోరుచిక్కుడులా బాగుంది. రెండో ముద్ద పెట్టుకుంటూ ఉన్నాను, గాలి లేచింది.

మా గాలి చెప్పి వస్తుంది. మబ్బు పడుతుంది, ఆకులు కదులుతాయి. కదలడానికి ఆకులుండాలిగా అక్కడ! ఒక్కసారిగా నేలే లేచినట్టు లేచింది. నేను కంచం వదిలేసి పరిగెత్తాను. ఔను, పరిగెత్తాను. అప్పుడు నాకు తెలియలేదు గానీ ఐదు నెలల్లో అదే మొదటిసారి. వెళ్లేసరికి పట్టా చెంగులెగిరి కాయల మీద పడుతోంది, కాయలు సగానికి సగం ఇసుకలో కూరుకుపోయాయి. మేక ఒకటి ఎప్పుడు వచ్చిందో, ఒక కాయ నమిలి, రెండు కాళ్ల మీద లేచి, బే అని అరుచుకుంటూ ముసలాయన మంచం కిందికి దూరింది. ఆయన లేచి తుమ్మడం మొదలుపెట్టాడు. కాపలాదారు భార్య గుమ్మంలో నిలబడి నన్ను చూస్తోంది. "నేను చెప్పలేదూ" అనే చూపుకి ఏ దేశంలోనైనా భాష అక్కర్లేదు.

గాలి మెత్తబడింది గానీ పూర్తిగా ఆగలేదు. కాయ కాయకీ ఇసుక. నాకు ఏడుపు రావాలి. రాలేదు. చెయ్యి తిన్నగా ముసలామె గోడకి తగిలించిన చేట మీదికి పోయింది. ఆమె తీసి ఇచ్చింది. నేను చేటెడు కాయలు తీసుకుని, గాలి ఎటు వస్తోందో మొహంతో చూసుకుని, చేటని తలకి పైగా ఎత్తి మెల్లిగా కిందికి జార్చాను. కాయలు తిన్నగా పట్టా మీద పడ్డాయి. ఇసుక పొగలా పక్కకి పోయింది. గాలి తెచ్చిన ఇసుకని గాలికే అప్పజెప్పాను. ఇంకో చేట. ఇంకో చేట. ముసలామె కాయలు ఎత్తి ఎత్తి చేటలో పోస్తోంది, కొంగు ముక్కుకి బిగించి కట్టుకుంది, మధ్యమధ్య తుమ్ముతోంది, తుమ్మినప్పుడల్లా ఇద్దరం నవ్వుతున్నాం. ఎన్ని చేటలైనాయో తెలియదు. అంతా అయ్యాక కాయలు గోతానికెత్తి, మూతి కుట్టి, చంకకెత్తుకుని ఆమె గుమ్మంలో దింపాను.

దింపాక చూస్తే మా ఆయన లారీకి ఆనుకుని నిలబడి ఉన్నాడు. చేతిలో సగం తిన్న రొట్టె. సాయానికి రాలేదు. నా పొట్ట వంక చూస్తున్నాడు. నేనూ చూసుకున్నాను. చెయ్యి పెట్టి చూశాను. ఏమీ పిగల్లేదు.

"ఏంటట్టా గుడ్లప్పగించి చూస్తావు? వచ్చి ఒక చెయ్యి వెయ్యొచ్చుగా!"

"నువ్వేగా మేస్త్రివి. పిలవందే వస్తే అరుస్తావని," అన్నాడు.

పొద్దు వాలుతోంది. రైతు చెప్పిన ఆదివారం ఇవాళే, చీకటిపడేలోపు జవాబు చెప్పాలి. కాయలు తూర్పారబోసిన హుషారు అప్పుడే తగ్గి, పాత భయం మళ్లీ నడుములోకి చేరింది. ఒక అర గోతం ఎత్తడం వేరు, మూడు నెలలు ఎండలో వంగి ముందు సాలు పట్టడం వేరు. ఫోన్ తీసి చూశాను. సిగ్నల్ గీతల్లో ఒక్కటీ లేదు.

"ఇక్కడ రాదు," అన్నాడు మా ఆయన. "అదిగో, ఆ దిబ్బ పైకెక్కితే వస్తది. నేనెప్పుడూ ఆడనుంచే నీకు ఫోన్ చేసేది."

మైలు దూరంలో ఉంది దిబ్బ. మూడు తాటిచెట్లు ఒకదాని మీద ఒకటి నిలబెట్టినంత ఎత్తు, అంతా ఇసుకే. నేను ఆయన వంక చూశాను. పన్నెండేళ్లుగా, నెలకో రెండు నెలలకో ఆ వైపు ట్రిప్పు పడ్డప్పుడల్లా ఈయన నాకు ఫోన్ చేసి గస పెడుతూ మాట్లాడేవాడు. "ఏంటా ఆయాసం? ఎన్ని బీడీలు తగలేశావు ఇవాళ?" అని తిట్టేదాన్ని. "లోడు దించుతున్నానే," అనేవాడు. డ్రైవరు లోడెందుకు దించుతాడు అని నాకెప్పుడూ తట్టలేదు.

"నువ్వు కూర్చో. నేనెక్కి చెప్పొస్తా," అన్నాడు. "ఏం చెప్పమంటావు? ముఠా నా భార్యదేనని చెప్పనా, మరదలిదని చెప్పనా?"

"నా నోటి మాట నువ్వు చెబుతావా?"

"అయితే నడువు."

ఖాళీ గోతం ఒకటి, నీళ్ల సీసా ఒకటి చేత పట్టుకుని బయల్దేరాం. చదును మీద బాగానే ఉంది. జిల్లేడు పూలు, మేకల అడుగులు, గాలి గీసిన సాళ్లు. నిజంగా సాళ్లే, నాగలి పట్టినట్టు. ఎక్కడం మొదలుపెట్టాక తెలిసింది. ఒక అడుగు వేస్తే ముప్పాతిక అడుగు కిందికి జారుతుంది. చెప్పులు విప్పి కొంగులో కట్టుకున్నాను. పైన వెచ్చగా, లోపల చల్లగా ఉంది ఇసుక. సగం దూరం వెళ్లేసరికి గుండె చెవుల్లో కొట్టుకుంటోంది. ఆగాను. పొట్టకి చెయ్యి అడ్డం పెట్టుకున్నాను. కుట్ల దగ్గర ఏదో లాగినట్టనిపించింది. ఇక్కడే కూర్చుని, మీ మరదలిదని చెప్పిరా అందామని వెనక్కి తిరిగాను.

మా ఆయన నాకు చాలా కిందుగా ఉన్నాడు. నాలుగు కాళ్ల మీద. నోరు తెరుచుకుని, కొలిమి తిత్తిలా ఊదుతున్నాడు.

"ఏమయ్యో! లోడు దించుతున్నావా?"

"నవ్వు... నవ్వవే... పైకి రానీ... నీ సంగతి చెబుతా..."

"బీడీలు తగ్గించమని చెబితే విన్నావా? నేను చూడు, పొట్ట కోయించుకున్నదాన్ని, నీకంటే ముందున్నా!"

ఆ మాట అన్నాక నేనే విన్నాను దాన్ని. పొట్ట మీద నుంచి చెయ్యి తీసేశాను. చేలో ముందు సాలు పట్టేటప్పుడు ఎలా పోతానో అలా, కింద చూడకుండా, ఎదురుగా ఉన్న రెండడుగుల మేరే చూసుకుంటూ పోయాను. లాగింది కుట్లు కాదు, ఐదు నెలలు పడుకున్న కండలు. వాటికీ గుర్తొచ్చింది వాటి పని. శిఖరానికి చేరి వెనక్కి తిరిగి చూస్తే ఇంకా ఇరవై అడుగుల కింద ఉన్నాడు ఆయన. దగ్గరికి వచ్చాక గోతం చివర అందించి పైకి లాగాను.

పైన ఏమీ లేదు. అన్నివైపులా ఇసుకే, పసుపు కొమ్ము రంగులో. మా లారీ అగ్గిపెట్టెంత కనపడింది, దాని తాడు మీద నా నీలం చీర ఎగురుతోంది. ఫోన్‌లో రెండు గీతలొచ్చాయి. రైతుకి చేశాను.

"ఏంటమ్మా, ఎక్కడున్నావు? గాలి హోరుమంటంది!"

"ఎడారిలో ఉన్నానండీ. ఇసకదిబ్బ ఎక్కాను."

"దిబ్బేంటి, నువ్వెక్కడమేంటి? ఒంట్లో బాగుందా?"

"మీ సాళ్లు చదునుగా ఉంటాయిగా బాబుగారూ, ఇదెక్కినదాన్ని అవి నడవలేనా? ముఠా నాదే. ముందు సాలు నేనే పడతా. మా తోటికోడలికి ఈసారి నా పక్క సాలిస్తా, చెయ్యి నేర్చుకుంటది."

ఆయన నవ్వి, సరే, జనవరి మొదటి వారంలో రమ్మన్నాడు. ఫోన్ కొంగున కట్టుకున్నాను. మా ఆయనకి ఇంకా ఊపిరి అందలేదు. సీసా నా చేతిలోంచి లాక్కుని సగం తాగాడు.

"ఇన్నేళ్లూ ఇదెక్కా నాకు ఫోన్ చేశావు?"

"మరి? నీకు కింద నుంచి కేకేస్తే వినపడుద్దా?"

"తిట్టించుకోవడానికి ఇంత ఎక్కాలా అయ్యా?"

"ఆ తిట్టు వినకపోతే అన్నం దిగదు నాకు," అన్నాడు. అని అటు తిరిగి కూర్చున్నాడు, ముసలాయన జాకెట్టు చూసి తిరిగినట్టు.

దిగేటప్పుడు నడవలేదు. గోతం పరిచి ఆయన ముందు కూర్చున్నాడు, నేను వెనక కూర్చుని ఆయన చొక్కా పట్టుకున్నాను. యాభైకి దగ్గరపడ్డ ఇద్దరం, పిల్లల పెళ్లిళ్లు చేసినవాళ్లం. సగం దూరం బాగానే జారాం. తరువాత గోతం ఒక వైపు, ఆయన ఒక వైపు, నేను ఒక వైపు. నోట్లో, చెవుల్లో, జాకెట్టులో ఇసుక. పడ్డ చోటే పడుకుని ఆకాశం చూస్తూ నవ్వాను. ఆయన పాక్కుంటూ వచ్చి ముందు నా పొట్ట చూశాడు, తరువాత నా మొహం చూశాడు, తరువాత తనూ నవ్వాడు.

గోడౌను దగ్గరికి వచ్చేసరికి ముసలాయన మంచం మీద కూర్చుని ఫోన్‌లో పెద్దగా మాట్లాడుతున్నాడు. నేను ఆగిపోయాను.

"ఏమయ్యో! ఆయనకి ఇక్కడే సిగ్నలుందిగా!"

"ఆయన సిమ్ము వేరే కంపెనీదే."

"అయితే ఆ ఫోనడిగి చేస్తే పోయేదిగా! ఇన్నేళ్లూ నీకు తట్టకపోతే తట్టకపోయింది, ఇవాళ నన్ను కూడా అంత దూరం ఎక్కించాలా?"

మా ఆయన తాడు మీద చీర తీసి, ఇసుక దులిపి, నాలుగు మడతలు పెట్టి నా చేతికిచ్చాడు. "ఫోనడిగితే నువ్వెక్కేదానివా?" అన్నాడు.

నేను ఆ చీరతోనే ఒకటిచ్చాను వీపు మీద. ముసలామె చూసి చప్పట్లు కొట్టింది.

జనవరిలో కోత మొదలైంది. మొదటి రోజే ముందు సాలు పట్టాను. మధ్యాహ్నం సద్దులు విప్పితే ఆడవాళ్లంతా నా పచ్చడి నోట్లో పెట్టుకుని మొహాలు చిట్లించారు. ఎడారి కాయలు గుప్పెడు వెనక్కి తెచ్చి నూరాను మరి. "అక్కా, ఇసకేంటి ఇందులో?" అంది మా తోటికోడలు. "అక్కడి దాకా పోలేవుగా నువ్వు, నీ కోసం మోసుకొచ్చా, తిను," అన్నాను.

నెల తిరగ్గానే మా ఆయనకి మళ్లీ ఆ ట్రిప్పు పడింది. ఒక సాయంత్రం ఒడి నిండా కాయలతో సాలు మధ్యలో ఉన్నాను, ఫోన్ మోగింది. ఎత్తితే మాట లేదు. గాలి హోరు, దాని వెనక ఆయన ఆయాసం. వెనక సాళ్లవాళ్లు ఏమైందని చూస్తున్నారు. నేను తిట్టలేదు. ఫోన్ చెవికి ఆనించుకుని, ఒక చేత్తో కాయలు కోస్తూ, ఆయన ఊపిరి సర్దుకునేదాకా ఆగాను.

"ఉన్నావా?" అన్నాడు చివరికి.

"ఉన్నా. ముందు సాల్లోనే ఉన్నా. కూర్చుని మాట్లాడు," అన్నాను.